నేరం గురించి చదివాం, నేరం చేసిన మనిషి గురించి ఎప్పుడు చదువుతాం?

నేర న్యాయ కోర్సులకు సిలబస్ తయారుచేసే పెద్దలకు, ఆ పాఠాలు చెప్పే అధ్యాపకులకు నమస్కారం.

నేను ఆ కోర్సు చదువుకున్నదాన్ని. చదువయ్యాక, శిక్ష పడినవాళ్ళకీ శిక్ష ముగిసి బయటికొచ్చినవాళ్ళకీ కౌన్సెలింగ్ చేసే పనిలో చేరి తొమ్మిదేళ్ళయింది. ఈ ఉత్తరం ఆ పనిలోంచే పుట్టింది. కానీ అసలు కారణం అంతకన్నా ముందుది, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను కాలేజీలో చేరబోయే ఏడు, మా అమ్మ ఒక సాయంత్రం నడిచి వస్తుంటే వెనక నుంచి బండి మీద వచ్చిన ఇద్దరు ఆమె భుజాన ఉన్న బ్యాగు లాగారు. పట్టీ చేతికి చుట్టుకుని ఉండటంతో బ్యాగుతో పాటు అమ్మ కూడా పడి, కొంతదూరం ఈడ్చుకుపోయింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఎముక అతుక్కుంది, భయం పోలేదు. ఇప్పటికీ వెనక బండి చప్పుడు వినబడితే నడక ఆపేసి, గోడవైపు తిరిగి, అది దాటిపోయేదాకా అలాగే నిలబడుతుంది.

ఇద్దరిలో ఒకడు దొరికాడు. కోర్టు వరండాలో చూశాను. పంతొమ్మిదేళ్ళు. నేను ఊహించుకున్న మొహం కాదది. చొక్కా చేతి అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం, అదే పని. అమ్మ అతని ముందునుంచే లోపలికి వెళ్ళింది. అతను తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది ఒక్కటే: "అంతమంది నడుస్తున్నారు కదా, నన్నే ఎందుకు పట్టుకున్నాడంటావ్?"

ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుందనే ఈ కోర్సులో చేరాను.

మూడేళ్ళలో చాలా నేర్చుకున్నాను, నేర్పినవాళ్ళ రుణం మర్చిపోను. అరెస్టు నుంచి అప్పీలు దాకా ఒక కేసు నడిచే దారి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. సాక్ష్యం ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో తెలుసు. అయితే ఆ దారంతా ఎవరి చుట్టూ తిరుగుతోందో ఆ మనిషి మాత్రం 'నేర కారణ సిద్ధాంతాలు' అనే ఒక్క యూనిట్‌లో వచ్చి వెళ్ళిపోయాడు. పరీక్షలో దాన్నుంచి రెండు ప్రశ్నలు, అందులో ఒకటి ఛాయిస్. క్లాసులో సగంమంది ఆ యూనిట్ వదిలేశారు.

రెండో ఏడు ఫీల్డ్ విజిట్ అని జైలుకి తీసుకెళ్ళారు. నలభైమందిమి, చేతుల్లో నోటుబుక్కులు. ఒక అధికారి ముందు నడుస్తూ ఇది వంటశాల, ఇది వర్క్‌షాపు, ఇది లైబ్రరీ అని చూపిస్తూ ఒక బ్యారక్ ముందు ఆగారు. మేం రాసుకుంటున్నాం. లోపల ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన కాసేపు చూసి, చాలా మర్యాదగా, "చూడటం అయిపోయిందా అమ్మా? అయితే మేం కూర్చుంటాం" అన్నాడు. బయటివాళ్ళు వచ్చినప్పుడు లేచి నిలబడాలని అక్కడి రూలట. మేం వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళంతా నిలబడే ఉన్నారు. నలభైమందిలో ఒక్కరం కూడా గమనించలేదు.

ఆ రోజు రికార్డులో నేను రాసింది: ఎంత మందికి సరిపడా కట్టారు, ఎంతమంది ఉన్నారు, భోజనం వేళలు, పని గంటలు. మంచి మార్కులు వచ్చాయి.

మనిషిని చూడకుండానే చూశామనుకోవడం మన శాస్త్రానికి కొత్త కాదు. ఇటలీలో చెజారే లోంబ్రోజో అనే డాక్టరు విల్లెల్లా అనే దొంగ పుర్రెలో వెనకభాగాన ఒక గుంట చూసి, కొందరు పుట్టుకతోనే నేరస్థులన్న నిర్ణయానికొచ్చాడు. 1876లో పుస్తకం వేశాడు. చెవులు, దవడలు, నుదుళ్ళు కొలుచుకుంటూ పోయాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు సుమారు మూడువేల మంది ఖైదీల కొలతలు తీసి, మామూలు జనంతో పోల్చి, అలాంటి ప్రత్యేకమైన శరీరలక్షణాలేవీ లేవని 1913లో తేల్చాడు. ఇదంతా మా పాఠంలో ఉంది. పాఠంలో లేనిదేమిటంటే, కొలవడం మనం ఇంకా మానలేదని. ఇప్పుడు పుర్రె బదులు ఫారం: వయసు, చదువు, పాత కేసులు, మత్తు అలవాటు, ఉంటే ఎన్నేళ్ళుగా. ఆ ఫారాలు పనికిరావని నేననను. నేనూ రోజూ నింపుతాను, వాటితో ఎవరికి ఎక్కువ సాయం అవసరమో తెలుస్తుంది కూడా. కానీ ఫారం నింపడం అయిపోగానే మనిషి అర్థమైపోయాడనుకునే విద్యార్థులు ఏటా నా దగ్గరికి ఇంటర్న్‌లుగా వస్తున్నారు. తప్పు వాళ్ళది కాదు.

నా సంగతే చెప్తాను. గ్రెషామ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు పరిశోధకులు 1957లో ఒక మంచి విషయం పట్టుకున్నారు. నేరం చేసే కుర్రాళ్ళు మంచీచెడూ తెలియనివాళ్ళు కారు. తెలుసు కాబట్టే, ఆ తెలివికి కాసేపు తలుపు గడియ పెట్టే మాటలు కొన్ని వాళ్ళ దగ్గర ఉంటాయి. నా చేతిలో ఏముంది. ఎవరికీ నష్టం కాలేదుగా. వాడికి అలాగే కావాలి. నన్ను అనేవాళ్ళు మాత్రం ఏం శుద్ధంగా ఉన్నారు. మావాళ్ళ కోసం చేశాను. ఈ ఐదింటికీ పుస్తకంలో పేర్లున్నాయి, అన్నీ బట్టీపట్టాను.

పనిలో చేరిన మొదటి నెలలో ముప్పైయేళ్ళ మనిషి ఒకడు నా ఎదుట కూర్చున్నాడు. ఇళ్ళలో దొంగతనాలు. "వాళ్ళకేంటి మేడం, ఇన్సూరెన్స్ వస్తుంది" అన్నాడు. ఐదింటిలో ఇది రెండోది అని టక్కున గుర్తొచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు మా అమ్మ చేయి గుర్తొచ్చింది. కోప్పడ్డాను. అతను నోరు కట్టేసుకున్నాడు, ఆ రోజుకి అంతే. మళ్ళీ అతనితో మాట కలపడానికి నెలన్నర పట్టింది. నాకు పని నేర్పిన పెద్దావిడ చెప్పిన ప్రకారం ఈసారి ఖండించలేదు, తలూపనూ లేదు. "ఆ ఇంట్లో తెచ్చినవాటిలో డబ్బు పెట్టి మళ్ళీ కొనుక్కోలేనిది ఏమైనా ఉందా?" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపు గోడకేసి చూశాడు. "ఒక పెట్టె. బాగుందని తెచ్చా. లోపల పాత ఫొటోలున్నాయి. ఫొటోలు కాలవలో పడేశా" అన్నాడు. అని, టేబుల్ మీదున్న రెండు చేతులూ కిందికి తీసుకుపోయి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్సూరెన్స్ మాట మళ్ళీ అతని నోట వినలేదు.

అతను తన కథ నాకు మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి దొరికిపోయిన రాత్రి నుంచి. కొన్ని వారాల తర్వాత, ఉద్యోగం పోయిన రోజు నుంచి. చివరిసారి, పదకొండేళ్ళ వయసులో అన్న ఎవరింట్లోకో దూరితే తను సందు మొదట్లో కాపలా నిలబడిన రాత్రి నుంచి. పని ముగించుకుని వచ్చిన అన్న భుజం తట్టి "నువ్వు ధైర్యవంతుడివిరా" అన్నాడట. అంతకుముందు తనని ఎవరూ దేనికీ మెచ్చుకున్నది గుర్తులేదన్నాడు. నేరం కూడా దగ్గరివాళ్ళ దగ్గర, వాళ్ళ మెప్పుతో పాటే నేర్చుకునేదని ఎడ్విన్ సదర్లాండ్ అనే సామాజిక శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం నేను ఐదు మార్కులకు రాశాను. అది ఏమంటోందో నాకు అర్థమైంది ఆ రోజు. కోర్టుకి మొదటి కథ చాలు. అతను మళ్ళీ ఎవరింట్లోనూ దూరకుండా ఉండాలంటే పని మూడోదానితో మొదలవుతుంది.

వాళ్ళు అబద్ధాలు చెప్తారు కదా అంటారు. చెప్తారు. ఫైలుతో, ఇంట్లోవాళ్ళ మాటతో సరిచూసుకోవడం కూడా నేర్పాల్సిన విద్యే. ఎక్కడ అబద్ధం చెప్పాడో తెలిస్తే, ఎక్కడ సిగ్గుపడుతున్నాడో కూడా తెలుస్తుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. నేరస్థుణ్ణి అర్థం చేసుకోమనడమంటే బాధితులకి ద్రోహం చేయమనడమే అని. ఈ మాట నాతో ఎవరన్నా నాకు కోపం రాదు, ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను. బాధితురాలి కూతురిగా నాకు తెలిసింది చెప్తాను. బ్యాగులు లాగే పనిలో ఏళ్ళు గడిపి మానేసిన ఒకతన్ని, ధైర్యం చేసి, అమ్మ ప్రశ్నే అడిగాను. మనిషిని ఎలా ఎంచుకుంటారు అని. "మొహం చూడం మేడం. పట్టీ రోడ్డువైపు ఉందా, గోడవైపు ఉందా, అంతే చూస్తాం. ఎవరో ఏమిటో మాకు తెలియదు" అన్నాడు. ఆ రాత్రి అమ్మకి చెప్పాను. అన్నేళ్ళుగా ఆమె ఏమనుకుంటోందో అప్పుడు బయటపడింది. అంతకు ముందు వారం వీధిలో ఎవరో కుర్రాళ్ళని మందలించిందట, ఆ కోపంతో పంపించారేమోనని. తన నోటి వల్లే జరిగిందేమోనని. "అయితే నా మీద పగ కాదన్నమాట" అంది. అంత నిదానంగా ఆమె ఊపిరి పీల్చుకోవడం చాలాకాలం తర్వాత చూశాను. ఆ జవాబు ఉన్నది నేరం చేసినవాళ్ళ దగ్గరే. జడ్జి దగ్గర లేదు, పోలీసుల దగ్గర లేదు, నా పుస్తకాల్లో లేదు.

వయసు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా క్లాసులో అది ఒక గ్రాఫుగా మాత్రమే వచ్చింది. నేరాలు యవ్వనంలో ఒక్కసారిగా పెరిగి, తర్వాత తగ్గుతూ పోతాయని బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 1831లోనే లెక్కలతో చూపించాడు. టెర్రీ మోఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఆ గీత కింద రెండు రకాల మనుషులున్నారని చెప్పింది. ఎక్కువమంది టీనేజీలో తప్పు చేసి, పెద్దవుతూ మానేస్తారు. కొద్దిమంది పసితనం నుంచే మొదలై చాలాకాలం సాగుతారు. ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన 9,945 మంది మగపిల్లల రికార్డులు మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం పరిశీలిస్తే, సగానికి పైగా నేరాలు 6 శాతం మంది చేసినవే. అంటే ఒకే సెక్షన్ కింద ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళ దారులు పూర్తిగా వేరు కావచ్చు. ఇద్దర్నీ ఒకే గదిలో పెడితే, తనంతట తాను మానేయగలిగినవాడికి రెండోవాడు గురువవుతాడు. నేను పనిచేసే చోట ఇది కళ్ళారా చూస్తున్నాను. దారం చుట్టుకుంటూ నిలబడ్డ ఆ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఇద్దరిలో ఎవరో తెలుసుకునే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

తెలుసుకోకుండా చేసే పనులు హాని కూడా చేస్తాయి. అమెరికాలోని న్యూజెర్సీలో 1970లలో దారితప్పిన పిల్లల్ని రావే జైలుకి తీసుకెళ్ళి, యావజ్జీవ ఖైదీల చేత అరిపించి భయపెట్టించేవారు. చూసినవాళ్ళందరికీ బాగా పనిచేస్తుందనిపించింది, ఎన్నో చోట్ల అనుకరించారు. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, వెళ్ళని పిల్లలకన్నా వెళ్ళిన పిల్లలే ఎక్కువ నేరాలు చేశారు. భయపెట్టడం కదా, అందుకే బెడిసికొట్టిందని అనుకోవచ్చు. ప్రేమగా చేసింది కూడా బెడిసికొట్టింది. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన ఒక అధ్యయనంలో 506 మంది పిల్లల్ని తీసుకుని, సగంమందికి ఏళ్ళపాటు పెద్దల తోడు, ట్యూషన్లు, వేసవి క్యాంపులు ఇచ్చారు. ముప్పైయేళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ వాళ్ళని వెతికి చూస్తే, సాయం అందుకున్నవాళ్ళ పరిస్థితే కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా ఉంది. సాయం తమకి మేలు చేసిందని వాళ్ళలో చాలామంది నమ్ముతుండగానే! అందుకే నేను దయ అడగడం లేదు. చదువు అడుగుతున్నాను. మనుషుల్ని దగ్గరగా వినడం, విన్నదాన్ని ఏళ్ళ తరబడి సరిచూడటం, రెండూ ఉన్న చదువు. రాబర్ట్ మార్టిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో 231 అధ్యయనాలు చూసి, మనుషుల్ని మార్చే కార్యక్రమాల మీద పెదవి విరిచాడు. అదే మనిషి 1979లో, కొన్ని పనిచేస్తాయని తన మాట తానే సవరించుకున్నాడు. మా నోట్సులో 1974 ఉంది, 1979 లేదు.

అలాంటి చదువు ఎలా ఉంటుందో చూపించినవాళ్ళు ఉన్నారు. షెల్డన్, ఎలినార్ గ్లూక్ దంపతులు బోస్టన్‌లో నేరాల్లో ఇరుక్కున్న 500 మంది కుర్రాళ్ళనీ, ఇరుక్కోని 500 మందినీ ఏళ్ళ తరబడి గమనించి కాగితాలు పోగుచేశారు. వాళ్ళ తర్వాత ఆ కాగితాలు హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ సెల్లార్‌లో పెట్టెల్లో పడి ఉన్నాయి. 1980లలో జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ అనే పరిశోధకులు వాటిని దుమ్ము దులిపి బయటికి తీశారు. 1990లలో ఆ కుర్రాళ్ళు ఏమయ్యారో వెతకడం మొదలుపెట్టారు. అప్పటికి డెబ్బైల దగ్గరికొచ్చిన 52 మంది ముసలివాళ్ళతో కూర్చుని వాళ్ళ జీవితాలు విన్నారు. ఒకే రకం బాల్యం ఉన్నవాళ్ళలో కొందరు ఎలా బయటపడ్డారో అప్పుడు తెలిసింది. నిలకడైన ఉద్యోగం, మంచి సంసారం, సైన్యంలో కొత్త జీవితం. పసితనం చూసి ముసలితనం చెప్పలేమని ఆ పెట్టెలు చెప్పాయి. మన చదువు తీర్పు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాతి యాభైయేళ్ళు ఎవరు చదవాలి?

ఇంకో సంఘటన కూడా మీ ముందు పెట్టాలని ఉంది. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు తాగిన మైకంలో ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. టైర్లు కోశారు, అద్దాలు పగలగొట్టారు. ప్రొబేషన్ ఆఫీసరు ఒకాయన జడ్జిని ఒప్పించి, వాళ్ళిద్దర్నీ ఆ ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటీ తట్టించాడు. నష్టపోయినవాళ్ళ ఎదుట నిలబడి, విని, డబ్బు కట్టారు. బాధితుల్నీ నేరస్థుల్నీ ముఖాముఖి కూర్చోబెట్టే పద్ధతికి అది మొదటి అడుగుల్లో ఒకటైంది. ఆ కుర్రాళ్ళలో ఒకడు ఏళ్ళ తర్వాత కాలేజీలో చట్టం, భద్రతలకి సంబంధించిన కోర్సులో చేరాడు. ఒకరోజు క్లాసులో ఎవరో ఎల్మైరా కేసు గురించి పాఠం చెప్తున్నారు. వింటూ వింటూ, ఆ కేసులో ఉన్నది తనేనని అతనికి తెలిసింది. పాఠంలో ఉన్న మనిషి బెంచీ మీద కూర్చుని ఉండటం మన క్లాసుల్లో జరగడానికి వీలుందా? ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో లోరీ పోంపా అనే అధ్యాపకురాలు 1997లో మొదలుపెట్టింది దాదాపు ఇదే. జైలు లోపల విద్యార్థులూ ఖైదీలూ పక్కపక్కన కూర్చుని, సెమిస్టర్ అంతా అదే పాఠం కలిసి చదువుతారు. అక్కడ చూడటానికి వెళ్ళినవాళ్ళంటూ ఎవరూ ఉండరు.

ఇక నేను అడిగేది. ప్రతి విద్యార్థీ కోర్సు ముగిసేలోగా శిక్ష పడిన ఒక్క మనిషి కథనైనా, ఆ మనిషి ఇష్టపడి ఒప్పుకుంటేనే, పేరు బయటపెట్టకుండా, ఒక టర్మ్ అంతా వినాలి. కథ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళకే వదిలేయాలి. ఫైలు చూసి రాసే కేస్ స్టడీ దీనికి సరిపోదు. వీలైతే విడుదలయ్యాక మొదటి ఏడాది ఆ మనిషిని మళ్ళీ మళ్ళీ కలవాలి. ఇల్లు, పని, పాత స్నేహాలు, అన్నీ ఒకేసారి మీదపడేది అప్పుడే. బాధితుల మాట కూడా క్లాసులోకి రావాలి, నేరస్థుల పాఠానికి అనుబంధంగా కాకుండా వాళ్ళ కోసమే ఒక పాఠంగా. ఇవన్నీ మొదలుపెట్టే ముందు వినడం ఎలాగో నేర్పండి. మొదటిసారి ఒక హత్య గురించి చేసినవాడి నోట విన్నాక నేను మూడు రాత్రులు నిద్రపోలేదు, ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియలేదు. ఇరవైయేళ్ళ పిల్లలకి ఆ టెన్షన్ పంచుకునే పెద్దదిక్కు ఒకరు ఉండి తీరాలి. జైలు విజిట్ సంగతి మాత్రం సూటిగా చెప్పేస్తాను. కూర్చుని మాట్లాడే ఏర్పాటు లేకపోతే దయచేసి పిల్లల్ని తీసుకెళ్ళకండి.

ఇందులో కష్టాలున్నాయని తెలుసు. అనుమతులు, భద్రత, ఎవరికి మార్కులెలా వేయాలన్న తలనొప్పి. పదిమంది విద్యార్థులతో మొదలుపెట్టినా చాలు, నాలాంటివాళ్ళం సాయం పట్టడానికి సిద్ధంగా ఉన్నాం.

అమ్మ ఈ మధ్య ప్రశ్న మార్చింది. "ఆ అబ్బాయికిప్పుడు ముప్పై దాటుంటాయి కదా, ఏం చేస్తున్నాడో" అంటుంది. నాకు తెలియదు. బాధితురాలి తరఫున దరఖాస్తు పెట్టి ఆ కేసు కాగితాల నకళ్ళు తెప్పించుకుని చదివాను. 84 పేజీలు. అమ్మ బ్యాగు రంగు ఉంది. బండి నంబరు ఉంది. విరిగిన మణికట్టు ఎక్స్‌రే రిపోర్టు ఉంది, ఆ సాయంత్రం వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో కూడా ఉంది. అతను నోరు తెరిచినట్టు ఉన్నది ఒక్క చోటే. నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. ఒప్పుకుంటున్నాను అన్నాడు. ఆ కింద గీత గీసి ఉంది, తర్వాతి పేజీ తీర్పు.

ఇట్లు,
మీ కోర్సు చదువుకున్న ఒక విద్యార్థిని